న్యూట్రినోలను ఏ కాటా మీద తూచాలి? గెలాక్సీల పటం నుంచి ద్రవ్యరాశి లెక్కగట్టే పద్ధతుల్లో ఎంపిక

పీహెచ్‌డీలో కొత్తగా చేరే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, న్యూట్రినో ద్రవ్యరాశి మీద పని చేద్దామనుకుంటున్నా. బీఏఓ తీసుకోమంటావా, ఫుల్ షేప్ తీసుకోమంటావా, లేకపోతే లెన్సింగ్ వైపు వెళ్ళమంటావా?"

న్యూట్రినో అంటే విశ్వమంతా నిండి ఉన్నా దేన్నీ దాదాపు తాకకుండా జారిపోయే అతి తేలికైన కణం. వాళ్ళు అడిగే మూడూ దాని బరువు లెక్కగట్టే పద్ధతులే: బీఏఓ గెలాక్సీల మధ్య దూరాల్లో కనబడే ఒక గుబ్బను చూస్తుంది, ఫుల్ షేప్ అవి గుంపు కట్టిన తీరు మొత్తాన్ని చూస్తుంది, లెన్సింగ్ గురుత్వం వెలుగును వంచడాన్ని చూస్తుంది. వాళ్ళు చదివి వచ్చిన పేపర్లలోని అంకెలు చూస్తే అయోమయం కలగడం సహజమే. 2018లో ప్లాంక్ ఉపగ్రహం తీసిన సీఎంబీ (బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలిన వెలుగు) కొలతలకు అప్పటి గెలాక్సీ సర్వేల బీఏఓ కలిపితే, మూడు న్యూట్రినోల మొత్తం ద్రవ్యరాశి 0.12 ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల ద్రవ్యరాశికి వాడే కొలమానం) దాటదని తేలింది. 2024 ఏప్రిల్‌లో, గెలాక్సీల పటం గీస్తున్న డెసి సర్వే మొదటి ఏడాది సమాచారం కలిపేసరికి ఆ హద్దు 0.072కి దిగింది. 2025 మార్చిలో మూడేళ్ళ సమాచారంతో 0.064 అయింది. అదే సమాచారాన్ని ప్రయర్ (సమాచారం చూడకముందే పెట్టుకునే ఊహ) ప్రమేయం లేని ప్రొఫైల్ లైక్లిహుడ్ పద్ధతిలో చూస్తే 0.053. ఇవన్నీ 95 శాతం నమ్మకంతో చెప్పే పై హద్దులు. మరోవైపు భూమ్మీద చేసిన ఆసిలేషన్ (న్యూట్రినోలు రకం మారడం) ప్రయోగాలేమో ఈ మొత్తం 0.059 కంటే తగ్గే ప్రసక్తే లేదంటున్నాయి. ఇంటి పైకప్పు నేలకంటే కిందికి దిగిపోయినట్టుంది పరిస్థితి.

ఇలాంటప్పుడు "ఏ పద్ధతిలో అంకె చిన్నగా వస్తుంది?" అని చూసి ఎంచుకోవడం నా దృష్టిలో తప్పు. న్యూట్రినో వదిలిన ఏ జాడను ఆ పద్ధతి నిజంగా చూస్తోంది అనేదే ముఖ్యం. ఎందుకంటే ఇవాళ అన్నిటికంటే బిగువైన హద్దు ఇస్తున్న పద్ధతి న్యూట్రినో జాడను నేరుగా చూడనే చూడదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

నేల ఎక్కడుందో ముందు చూసుకోండి

1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే, ఆ తర్వాత 2001, 2002లలో కెనడాలోని సడ్‌బరీ అబ్జర్వేటరీ, న్యూట్రినోలు ఒక రకం నుంచి మరో రకానికి మారుతున్నాయని తేల్చాయి. ద్రవ్యరాశి లేకపోతే ఆ మార్పు జరగదు. 2015 నోబెల్ కజితాకు, మెక్‌డొనాల్డ్‌కు వచ్చింది ఇందుకే. అయితే ఆ ప్రయోగాలు ద్రవ్యరాశుల వర్గాల (స్క్వేర్ల) మధ్య తేడాలనే ఇస్తాయి. పెద్ద తేడా సుమారు 0.0025, చిన్న తేడా సుమారు 0.000075. అన్నిటికంటే తేలికైన న్యూట్రినో బరువు సున్నా అనుకుని వర్గమూలాలు తీస్తే ఒకటి 0.05, ఇంకొకటి 0.009. కలిపితే 0.059. దీన్ని నార్మల్ ఆర్డరింగ్ అంటారు. వరుస తలకిందులై రెండు బరువైనవి, ఒకటి తేలికైనది అయితే రెండు 0.05లు కలిసి 0.10 అవుతుంది. అది ఇన్వర్టెడ్ ఆర్డరింగ్.

జర్మనీలోని కార్ల్‌స్రూలో ట్రిటియం క్షయాన్ని కొలిచే కాట్రిన్ ప్రయోగం 2025లో ప్రచురించిన హద్దు 0.45, అదీ 90 శాతం నమ్మకంతో, ఎలక్ట్రాన్ న్యూట్రినో ఒక్కదానికే. మూడింటికీ లెక్క వేసుకుంటే సుమారు 1.35. విశ్వం మీద ఏ ఊహా అక్కర్లేకుండా వచ్చే అంకె కాబట్టి దాని విలువ దానిదే. కానీ 0.06కీ 0.10కీ మధ్య తేడా చెప్పాలంటే ఇప్పటికి మనకు గెలాక్సీల పటమే దిక్కు.

మనవాళ్ళకు న్యూట్రినోలతో పాత చుట్టరికమే ఉంది. చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కోలార్ బంగారు గనుల్లో, 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ మొదటిసారి పట్టుకున్నారు. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికా గనిలోనూ దొరికాయి. గని సొరంగాల్లో వాటి రాక తెలిసింది. ఇప్పుడు మనం వాటి బరువు కోసం ఆకాశం వైపు చూస్తున్నాం.

గుంపులో కలవని కణాలు

బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలిన న్యూట్రినోలు ప్రతి ఘన సెంటీమీటరులో ఒక్కో రకానివి 112 చొప్పున, మొత్తం 336 ఉన్నాయి. వాటి ఉష్ణోగ్రత 1.95 కెల్విన్. 0.05 ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినో ఈ రోజు సగటున సెకనుకు 3000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. పెద్ద గెలాక్సీ సమూహాల్లో గెలాక్సీల వేగం 1000 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే ఆ సమూహాల గురుత్వం న్యూట్రినోను పట్టి ఉంచలేదు, అది జారిపోతుంది.

అక్కడితో అయిపోతే చిన్న విషయమే. కానీ న్యూట్రినోలు విశ్వం మొత్తం పదార్థంలో లెక్కకొస్తాయి, విస్తరణ వేగాన్ని పెంచుతాయి, గుంపు కట్టే పనిలో మాత్రం సాయం చేయవు. ఇంటి ఖర్చులో వాటా ఉంది, పనిలో చేయి లేదు. దాంతో మిగతా పదార్థం పేరుకునే వేగం కూడా కోట్ల ఏళ్ళపాటు కాస్త కాస్త మందగిస్తూ వస్తుంది. అందుకే వాటి వాటాకు మించిన ప్రభావం కనబడుతుంది.

లెక్క చేసి చూడండి. మొత్తం ద్రవ్యరాశిని 93.14తో భాగిస్తే న్యూట్రినోల సాంద్రత వస్తుంది. 0.06కి అది 0.00064. మొత్తం పదార్థం అదే కొలమానంలో 0.143. నిష్పత్తి 0.0045, అర శాతం కూడా లేదు. చిన్న దూరాల్లో మొత్తం పదార్థం పవర్ స్పెక్ట్రమ్ (ఏ దూరంలో ఎంతగా గుంపు కట్టిందో చెప్పే గీత) దీనికి ఎనిమిది రెట్లు, అంటే 3.6 శాతం తగ్గుతుంది. మొత్తం 0.10 అయితే 6 శాతం తగ్గుతుంది. గెలాక్సీ సర్వేలతో న్యూట్రినోలను తూచవచ్చని 1998లోనే పేపర్ వచ్చింది. 2002లో టూడీఎఫ్ సర్వే ఇచ్చిన హద్దు 1.8. అప్పటి నుంచి ఇప్పటికి ఇరవై ఐదు రెట్లకు పైగా బిగిసింది.

బీఏఓ, సీఎంబీ కలయిక: రెండు తూకాల తేడా

ఇప్పుడు అందరూ ఉదహరించే అంకె దీనిదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

విశ్వం పుట్టిన మొదటి 3,80,000 ఏళ్ళలో వేడి ప్లాస్మాలో ధ్వని తరంగాలు పరిగెత్తాయి. అవి ఆగిపోయినప్పుడు ఒక దూరం ముద్రలా మిగిలిపోయింది. ఇవాళ్టి లెక్కలో అది సుమారు 147 మెగాపార్సెక్‌లు, 48 కోట్ల కాంతి సంవత్సరాలు. గెలాక్సీల జంటల మధ్య దూరాలు లెక్కపెడితే ఈ దూరం దగ్గర చిన్న గుబ్బ కనబడుతుంది. అదే బీఏఓ (బేరియాన్ ఎకూస్టిక్ ఆసిలేషన్స్, అంటే పదార్థంలోని ధ్వని కంపనాలు). అరిజోనాలోని కిట్ పీక్ మీద, 4 మీటర్ల మాయల్ టెలిస్కోపుకు అమర్చిన డెసి పరికరం 5000 రోబో ఫైబర్లతో గెలాక్సీల వెలుగు పడుతుంది. 2025 ఫలితంలో వాడినవి కోటీ నలభై లక్షలకు పైగా గెలాక్సీలు, క్వేజార్లు (దూరపు గెలాక్సీల్లో తీవ్రంగా వెలిగే కేంద్రాలు).

ఈ గుబ్బ న్యూట్రినోను ఎలా తూస్తుంది? మిల్లుకు వడ్లు తోలే లారీని వేబ్రిడ్జి మీద రెండుసార్లు తూస్తారు కదా. ఖాళీ లారీ ఒకసారి, లోడు లారీ ఒకసారి. తేడా వడ్ల బరువు. ఇక్కడ ఖాళీ లారీ తూకం సీఎంబీ ఇస్తుంది. ఆ రోజుల్లో న్యూట్రినోలు దాదాపు కాంతిలా పరిగెత్తేవి కాబట్టి అది తూచేది మామూలు పదార్థాన్ని, కృష్ణ పదార్థాన్ని (వెలుగు ఇవ్వని, గురుత్వంతోనే తెలిసే డార్క్ మ్యాటర్) మాత్రమే. లోడు తూకం బీఏఓ నుంచి వస్తుంది. విశ్వం ఇటీవలి కాలంలో ఎలా విస్తరించిందో చూసి, ఇప్పుడు మొత్తం పదార్థం ఎంతుందో చెబుతుంది. తేడా న్యూట్రినోలది.

ఇరవై టన్నుల లారీ అనుకుంటే అందులో అర శాతం కంటే తక్కువ అంటే 90 కిలోలు. ఒక్క బస్తా. ఆ ఒక్క బస్తా బరువు కోసం ఇరవై టన్నుల లారీని రెండుసార్లు తూస్తున్నాం. ఖాళీగా తూచినప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని, లోడుతో తూచినప్పుడు దిగి బీడీ కాల్చుకోవడానికి వెళ్ళాడనుకోండి. బస్తా బరువు మాయమైపోతుంది, ఇంకొంచెం తేడా వస్తే మైనస్‌లోకి కూడా పోతుంది.

డెసి లెక్కలో జరిగింది సరిగ్గా అలాంటిదే. విశ్వం మొత్తం శక్తిలో బీఏఓ చెప్పే పదార్థం వాటా 0.2975. ప్లాంక్ చెప్పేది 0.315. లోడు తూకం తక్కువొచ్చింది కాబట్టి న్యూట్రినోలకు చోటు లేకుండా పోయింది. ద్రవ్యరాశిని మైనస్‌లోకి కూడా వెళ్ళనిస్తే సమాచారం దాదాపు మైనస్ 0.1 దగ్గర ఆగుతోంది. ఆసిలేషన్ల నేలతో ఇది సుమారు మూడు సిగ్మాల పేచీ, అంటే కాకతాళీయంగా రావడం అరుదు.

న్యూట్రినోకు మైనస్ బరువు ఉంటుందని దీని అర్థం కాదు. రెండు తూకాల మధ్య ఎక్కడో డ్రైవరు దిగాడు. ఆ డ్రైవరు కృష్ణ శక్తి (విస్తరణను వేగవంతం చేస్తోందనుకునే డార్క్ ఎనర్జీ) కావచ్చు. అది స్థిరంగా కాకుండా కాలంతో మారుతుందని ఒప్పుకుంటే అదే సమాచారం నుంచి హద్దు 0.064 నుంచి 0.16కి సడలిపోతుంది. రెండున్నర రెట్లు! సీఎంబీ సమాచారాన్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని బదులు ఇంకొకటి వాడితేనే 0.064 కాస్తా 0.077 అవుతుంది.

బీఏఓకు ఉన్న గొప్ప బలం శుభ్రత. గెలాక్సీలు ఎలా పుట్టాయి, కృష్ణ పదార్థాన్ని ఎంత నమ్మకంగా అనుసరిస్తాయి అనే గొడవలు ఆ గుబ్బ ఉన్న చోటును పెద్దగా కదపలేవు. ల్యాప్‌టాప్‌లోనే గంటల్లో చైన్లు (సాధ్యమైన విలువలను వరుసగా పరీక్షించే లెక్కలు) నడుస్తాయి. బలహీనత కూడా పైన చూసిందే. గుంపు కట్టడంలో న్యూట్రినో చేసిన మార్పును ఇది చూడదు. విస్తరణ చరిత్ర గురించి మనం వేసుకున్న ఊహ తప్పయితే ఆ తప్పంతా న్యూట్రినో ఖాతాలో పడుతుంది.

ఫుల్ షేప్: జాడను చూసే దారి

గుబ్బ ఒక్కటే కాకుండా పవర్ స్పెక్ట్రమ్ వంపు మొత్తాన్ని వాడటమే ఫుల్ షేప్. గెలాక్సీల గుంపు నుంచి న్యూట్రినో బరువు చెప్పాలంటే అసలైన దారి ఇదేనని నా నమ్మకం. పనీ ఎక్కువే, జాగ్రత్తా ఎక్కువే.

పుస్తకాల్లో బొమ్మ చూస్తే న్యూట్రినో వల్ల స్పెక్ట్రమ్ ఒక మెట్టు దిగినట్టు కనబడుతుంది. సర్వేలో మనం వాడగలిగే మేరలో అది మెట్టులా ఉండదు, మెల్లని వాలులా ఉంటుంది. డెసి ఫుల్ షేప్ విశ్లేషణ కే విలువ (దూరానికి విలోమం, అది పెరిగితే దూరం చిన్నది) 0.02 నుంచి 0.20 వరకే తీసుకుంది. అంతకంటే చిన్న దూరాల్లోకి వెళితే గురుత్వం లెక్క చెయ్యి దాటిపోతుంది. ఆ కొద్ది మేరలో రెండు మూడు శాతం వాలును పట్టుకోవాలి. దానికి తోడు గెలాక్సీల బయాస్ ఉంది. ప్రకాశవంతమైన గెలాక్సీలు పదార్థం కంటే గట్టిగా గుంపు కడతాయి, ఎంత గట్టిగా అనేది మనకు ముందే తెలియదు. స్పెక్ట్రమ్ కిందికి దిగితే అది న్యూట్రినో వల్లనా, బయాస్ తక్కువ కావడం వల్లనా? ఇక్కడ ఆదుకునేది గెలాక్సీల సొంత వేగం. ఆ వేగం వల్ల పటం మన చూపు దిశలో నొక్కుకుపోయినట్టు కనబడుతుంది. ఆ నొక్కు ఎంతుందో కొలిస్తే నిర్మాణం ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది, బయాస్ పక్కకు తప్పుకుంటుంది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. డెసికి ముందటి గెలాక్సీ సర్వే బాస్ సమాచారంతో మొదటి చైన్లు నడిపినప్పుడు నాకు హద్దు చాలా బిగువుగా వచ్చింది. రెండు రోజులు సంతోషంగా ఉన్నాను. గ్రూపులో సీనియర్ అక్క ఒకావిడ ప్లాట్ చూసి ఒక్క మాటే అడిగింది. "లీనియర్ స్పెక్ట్రమ్‌గా ఏది ఇచ్చావు, మొత్తం పదార్థందా, న్యూట్రినోలు తీసేసిందా?" నేను మొత్తం పదార్థంది ఇచ్చాను. గెలాక్సీలు న్యూట్రినోల వెంట నడవవు, మామూలు పదార్థం, కృష్ణ పదార్థం కలిసిన చోట పుడతాయి. ఆ స్పెక్ట్రమ్ తగ్గేది ఎనిమిది రెట్లు కాదు, ఆరు రెట్లే. 0.06కి 3.6 శాతం బదులు 2.7 శాతం. లేని సంకేతాన్ని నేను మోడల్‌లో పెట్టాను కాబట్టి హద్దు ఉత్తుత్తిగా బిగిసింది. కోడ్‌లో మార్చింది ఒక్క లైను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీరు ఏ కోడ్ వాడినా, క్లాస్-పీటీ అయినా పైబర్డ్ అయినా వెలోసిలెప్టర్స్ అయినా, మొదటి రోజే ఈ ఒక్కటీ సరిచూసుకోండి.

రెండో చిక్కు అనవసరపు పరామితుల గుంపు. డెసిలో ఆరు గెలాక్సీ నమూనాలున్నాయి. ఒక్కోదానికి బయాస్‌లు, చిన్న దూరాల సవరణలు, షాట్ నాయిస్ (గెలాక్సీల సంఖ్య పరిమితం కావడం వల్ల వచ్చే రొద) అన్నీ కలిపితే డజన్ల కొద్దీ పరామితులు. వాటి ప్రయర్లు మరీ వదులుగా పెడితే పోస్టీరియర్ (ఏ విలువకు ఎంత అవకాశమో చెప్పే గీత) పక్కకు జరుగుతుంది, బెస్ట్ ఫిట్ (సమాచారానికి అన్నిటికంటే సరిపోయే విలువ) మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పేపర్లో రెండూ చూపించకపోతే చదివేవాడికి అది తెలియదు.

అంకెల్లో చూస్తే లాభం వెంటనే కనబడదు. బాస్ ఫుల్ షేప్, ప్లాంక్ కలిపి 2019లో వచ్చిన హద్దు 0.16. డెసి మొదటి ఏడాదికి ఫుల్ షేప్, బీఏఓ, సీఎంబీ అన్నీ కలిపితే 0.071. బీఏఓతో వచ్చిన 0.072 పక్కన పెడితే ఈ మాత్రానికి ఇంత కష్టం ఎందుకని పిల్లలు అడుగుతారు. సీఎంబీని దాదాపు పూర్తిగా పక్కన పెట్టి డెసి గెలాక్సీలతోనే చూస్తే హద్దు 0.4 దగ్గర ఉంటుంది. నేను ఆ 0.4కే ఎక్కువ విలువ ఇస్తాను. దానికి రెండు తూకాల తేడా అక్కర్లేదు, లారీ ఎక్కి బస్తాను చేత్తో తడిమి చూసినట్టు. ఇప్పుడు మోటుగా ఉంది, గెలాక్సీలు పెరిగే కొద్దీ నున్నబడుతుంది.

లెన్సింగ్, టౌ అనే ఇరుకు

సీఎంబీ వెలుగు మన దాకా వచ్చే దారిలో పదార్థం దాన్ని కొద్దికొద్దిగా వంచుతుంది. ఆ వంపు పటం గీస్తే మొత్తం పదార్థం ఎక్కడుందో నేరుగా తెలుస్తుంది, గెలాక్సీ బయాస్ గొడవ ఉండదు. చిలీలోని అటకామాలో పనిచేసిన ఏసీటీ టెలిస్కోపు 2023లో ఈ పద్ధతితో నిర్మాణం పరిమాణాన్ని, అంటే పదార్థం ఎంత గట్టిగా గుంపు కట్టిందో దాన్ని, 2.3 శాతం కచ్చితత్వంతో చెప్పింది. న్యూట్రినో సంకేతం కూడా ఆ మేరలోనే ఉంది కాబట్టి ఆశ పుట్టించే కొలత ఇది.

కానీ లెన్సింగ్ ఇచ్చేది ఇవాళ నిర్మాణం ఎంతుందో. ఎంత తగ్గిందో చెప్పాలంటే మొదట్లో ఎంతుందో తెలియాలి. అది సీఎంబీ నుంచే రావాలి. అక్కడ టౌ అడ్డుపడుతుంది. మొదటి నక్షత్రాలు పుట్టాక విడిపోయిన ఎలక్ట్రాన్లు సీఎంబీ వెలుగును కొంత చెదరగొట్టాయి, ఆ కొంత ఎంతో చెప్పేదే టౌ. ప్లాంక్ కొలత 0.054, అటూ ఇటూ 0.007. మొదటి పరిమాణంలో దీనివల్ల వచ్చే అనిశ్చితి దానికి రెట్టింపు, 1.4 శాతం. మనం వెతుకుతున్న సంకేతమే మూడు శాతం చిల్లర. సగం మేర అక్కడే కరిగిపోయింది. పాత డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం టౌను 0.089 దగ్గర చూపింది. టౌ నిజంగా 0.09 అయితే మొదటి పరిమాణం 7 శాతం పెరుగుతుంది, న్యూట్రినోలకు హాయిగా చోటు దొరుకుతుంది, మైనస్ బరువు బెడద చాలావరకు పోతుంది. లారీ దిగిన డ్రైవరు టౌ అయ్యే అవకాశాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. జపాన్ నాయకత్వంలో రానున్న లైట్‌బర్డ్ ఉపగ్రహం టౌను ఇప్పటికంటే బాగా కొలిచేదాకా లెన్సింగ్ ఒక్కదాని మీదే పూర్తి భారం వేయకండి.

గెలాక్సీల ఆకారాల్లో వచ్చే వంపును కొలిచే వీక్ లెన్సింగ్ వేరే సంగతి. 2023 జులైలో ఎగిరిన యూక్లిడ్, చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ ఈ పని పెద్ద ఎత్తున చేయబోతున్నాయి. అక్కడి ప్రమాదం బ్లాక్ హోల్స్ బయటికి విసిరే వాయువు. అదీ చిన్న దూరాల్లో స్పెక్ట్రమ్‌ను తగ్గిస్తుంది, అచ్చం న్యూట్రినో వేషంలో. గెలాక్సీ భౌతికశాస్త్రం మీద ఆసక్తి ఉన్నవాళ్ళే ఇటు రండి.

మిగతా దారులు

లైమన్ ఆల్ఫా అంటే దూరపు క్వేజార్ల వెలుగును మధ్యలోని హైడ్రోజన్ మింగిన గీతల అడవి. చిన్న దూరాలు చూస్తుంది, సీఎంబీతో కలిపి 0.11 దాకా వెళ్ళింది. కానీ ఆ వాయువు ఎప్పుడు ఎంత వేడెక్కిందో అనే చరిత్ర పూర్తిగా మోడల్ చేయాలి. హైడ్రోడైనమిక్ సిమ్యులేషన్లు, పెద్ద క్లస్టర్ అందుబాటులో లేకపోతే దిగకండి.

గెలాక్సీలను రెండేసి కాకుండా మూడేసిగా లెక్కపెట్టే బైస్పెక్ట్రమ్, ఖాళీ ప్రదేశాల గణాంకాలు కాగితం మీద గొప్ప లాభం చూపిస్తాయి. కిహోటే పేరుతో 44,100కు పైగా సిమ్యులేషన్లు ఉచితంగా ఉన్నాయి, న్యూట్రినోలు కలిపినవి కూడా. నేర్చుకోవడానికి బంగారు గని లాంటివి. అయితే కృష్ణ పదార్థం పటంలో కనబడిన లాభం గెలాక్సీల పటంలో చాలావరకు తగ్గిపోతుందని గుర్తుంచుకుని మొదలుపెట్టండి.

సమాచారం ఎంపికంత ముఖ్యం ప్రయర్ ఎంపిక

దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు బాధ కలిగించే విషయం ఇదే. మీ పోస్టీరియర్ గీసి చూడండి. సాధారణంగా శిఖరం, రెండు వైపులా వాలు ఉండాలి. న్యూట్రినో ద్రవ్యరాశికి వచ్చే బొమ్మలో శిఖరమే ఉండదు, సున్నా దగ్గర గోడకు ఆనుకుని ఒక వైపు వాలు మాత్రమే కనబడుతుంది. అసలు శిఖరం గోడ అవతల ఉంది. ఆ స్థితిలో 95 శాతం హద్దు ఎక్కడ పడుతుందనేది గోడ ఎక్కడ కట్టారన్న దాన్ని బట్టి మారుతుంది. డెసి మొదటి ఏడాది సమాచారంలో గోడ సున్నా దగ్గర ఉంటే 0.072. అదే గోడను ఆసిలేషన్ల నేల 0.059 దగ్గరికి జరిపితే 0.113. సమాచారంలో ఒక్క గెలాక్సీ కూడా మారలేదు.

అందుకే మూడు అంకెలూ ఇవ్వండి: సున్నా గోడతో ఒకటి, 0.059 గోడతో ఒకటి, గోడ తీసేసి మైనస్‌లోకి వదిలితే ఒకటి. కృష్ణ శక్తి స్థిరంగా ఉంచి ఒకసారి, వదిలి ఒకసారి నడపండి. మూడు న్యూట్రినోలకూ సమాన బరువు పెట్టారా, ఒక్కదానికే పెట్టారా అన్నది రాయండి. కోడ్‌లో మనం ముట్టుకోకుండా వదిలేసిన సెట్టింగ్ చాలాసార్లు రెండోది అయి ఉంటుంది.

ఎవరికి ఏది

ఎంఎస్సీ ప్రాజెక్టుకు ఆరు నెలలు, ఒక ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు బీఏఓ, సీఎంబీ కలయిక తీసుకోండి. కోబయా, క్యాంబ్ అనే సాఫ్ట్‌వేర్‌లు ఇన్‌స్టాల్ చేసుకుంటే డెసి బీఏఓ లైక్లిహుడ్‌లు (సమాచారాన్ని మోడల్‌తో పోల్చే లెక్కలు) దొరుకుతాయి. అయితే 0.064ను తిరిగి తెప్పించడం దగ్గర ఆగిపోకండి. టౌను 0.09కి మార్చి చూడండి, కృష్ణ శక్తిని వదిలి చూడండి. ఏది మార్చితే బస్తా తిరిగొస్తోందో మీ చేతులతో చూస్తే ఈ రంగం ఇవాళ ఎక్కడ ఇరుక్కుందో అర్థమవుతుంది.

కణ భౌతికశాస్త్రం చేస్తూ తమ పేపర్లో ఒక హద్దు రాయాల్సినవాళ్ళకు నా సలహా: 0.064 ఒక్కటే రాయకండి, పక్కనే 0.16 రాయండి, కాట్రిన్ 0.45ను విడిగా రాయండి. ఇన్వర్టెడ్ ఆర్డరింగ్ పోయిందని 0.064ను చూపించి రాసే వాక్యాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. 0.10 పోయిందని ఆ అంకె చెబుతోందని ఒప్పుకుంటే, అదే సమాచారం నుంచి వచ్చిన 0.053ను బట్టి 0.059 కూడా పోయిందని ఒప్పుకోవాలి. రెండోది ఎవరూ ఒప్పుకోరు కదా.

నాలుగైదేళ్ళ పీహెచ్‌డీ ముందున్నవాళ్ళు ఫుల్ షేప్‌కే రండి. మొదటి ఏడాది బాస్ సమాచారంతో చేయి తిప్పుకోండి. దానికి కోడ్‌లు, కోవేరియన్స్‌లు (కొలతల అనిశ్చితుల పట్టికలు), పాత ఫలితాలు అన్నీ బయట ఉన్నాయి కాబట్టి తప్పు చేస్తే ఎక్కడ చేశారో పోల్చి తెలుసుకోవచ్చు. డెసి మొదటి ఏడాది సమాచారం 2025 మార్చి నుంచి అందరికీ తెరిచి ఉంది, రెండో ఏడాది దానికి మారండి. మూడో ఏడాదికి సీఎంబీ లెన్సింగ్ పటంతో గెలాక్సీలను కలిపి చూడటం మొదలుపెడితే బయాస్ మీద పట్టు వస్తుంది.

డెసి వాళ్ళు తమ సమాచారాన్ని ముందు తమకే తెలియకుండా కొంత వక్రీకరించి దాచి, విశ్లేషణ అంతా తేలాకే తెర తీశారు. మీరొక్కరే పనిచేస్తున్నా ఆ పద్ధతి పాటించవచ్చు. మొత్తం ద్రవ్యరాశి తమకు తోచినంత పెట్టి ఒక నకిలీ గెలాక్సీ స్పెక్ట్రమ్ మీ పక్క డెస్క్ వాళ్ళను తయారుచేసి ఇవ్వమనండి, అందులో ఎంత పెట్టారో మీకు చెప్పొద్దనండి. మీ కోడ్ వాళ్ళు పెట్టిన అంకెనే తిరిగి చెప్పాలి. చెప్పేదాకా అసలు గెలాక్సీల ఫైలు తెరవకండి.